చచ్చినవాళ్ళ దిబ్బ చూసి వచ్చాక

మా నాయనకు ద్వారక చూడాలని ఆశ. అమ్మకు కాశీ. యాభైల చివర ఒక ఏడు, నాట్లు పూర్తయి కోతలకు ఇంకా వ్యవధి ఉన్న చలికాలంలో, వాదించుకుని వాదించుకుని ఇద్దరూ ద్వారకకే బయలుదేరారు. నన్నూ రమ్మన్నారు. నేను అప్పటికి నెల్లూరులో ఒక ఆడపిల్లల బడిలో హిందీ టీచరుగా చేరి కొంతకాలమైంది. ఉత్తరాది స్టేషన్లలో, సత్రాల్లో మాట్లాడటానికి వాళ్ళకొక నోరు కావాలి.

"ఆ హిందీ పరీక్షలన్నీ ఊరికే ప్యాసయినావా? పనికొచ్చేది ఇప్పుడే గదా," అన్నాడు నాయన.

మా ఊరు పెన్న సముద్రంలో కలిసే మొగకు దగ్గర. తూర్పున పట్టపుపాళెం, అంటే చేపలు పట్టేవాళ్ళ గుడిసెలు. దాని అవతల ఇసుక తిప్పలు, తిప్పల అవతల సముద్రం. పడమటంతా వరి కయ్యలు. మా ఇల్లు ఊరికి తూర్పు కొసన ఉండేది. మా పెరటి వెనక, కాస్త పల్లంలో, చిన్నాయన ఇల్లు. ఆయన నాయనకు సొంత తమ్ముడు కాదు, బాబాయి కొడుకు. కానీ చిన్నప్పటి నుంచి ఒకే కంచంలో తిన్నవాళ్ళు. పడమటి కయ్యల్లో నిలిచిన వాననీళ్ళు చిన్నాయన ఇంటి పక్కగా వచ్చి, మా పెరటిలోంచి ఒక సన్నటి వంకలో పడి, ఉప్పుటేటిలోకి పోయేవి. ఆ వంకను మేమెవరం పట్టించుకునేవాళ్ళం కాదు. ఎండాకాలంలో అందులో కోళ్ళు తిరిగేవి.

రైలెక్కక ముందే నాయన ఒక మాట చెప్పాడు. వారపత్రికలో ఆయన ఒక ఫోటో చూశాడట. గుజరాతులో, అహ్మదాబాదుకు అవతల, వేల ఏళ్ళ కిందటి ఊరు ఒకటి తవ్వితే బయటపడింది. దానికి ఇటుకలతో కట్టిన రేవు కూడా ఉందట. పేరు లోథల్.

"మన ఊరు కూడా ఒకప్పుడు రేవే. మా తాత చెప్పేవాడు. ఆ రేవెట్టుందో చూసి పోదాం."

"దేవుణ్ణి చూడను పోతా మధ్యలో ఈ పాడుబడ్డ ఊరేంది?" అంది అమ్మ. ఆమె మాట ఎవరూ వినలేదు. ఆ యాత్ర మొత్తంలో ఆమె మాట విననందుకు తర్వాత నేను చాలాసార్లు బాధపడ్డాను.

అహ్మదాబాదులో ఒక ధర్మశాలలో సామాను దించి, మర్నాడు పొద్దున్నే చిన్న రైలెక్కాం. మధ్యలో దిగిన స్టేషన్లో మాతో పాటు దిగినవాళ్ళు ఎవరూ లేరు. బయట ఒక ఎద్దులబండి దొరికింది. బండివాడికి నా హిందీ సగం అర్థమయింది, నాకు అతని మాట పావు అర్థమయింది. లోథల్ అనగానే అతను నవ్వి, చేత్తో ముందుకు చూపించి, ఏదో అన్నాడు. మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే చెప్పి, నాలుక బయట పెట్టి, కళ్ళు తేలేసి చూపించాడు.

"ఏమంటుండాడే?" అంది అమ్మ.

"ఊరి పేరు చెప్తున్నాడమ్మా."

"పేరు చెప్పను ఆ మొహమేంది? పేరుకు అర్థమేంది?" అన్నాడు నాయన.

చెప్పక తప్పలేదు. "చచ్చినవాళ్ళ దిబ్బ అంట."

అమ్మ పుస్తెలు కళ్ళకద్దుకుని బండిలో వెనక్కి తిరిగి కూర్చుంది. నాయన మాత్రం గట్టిగా నవ్వాడు.

బండి పోతున్న దారికి అటూ ఇటూ చెట్టన్నది లేదు. నేలంతా తెల్లగా పొరలు లేచి, పగుళ్ళు విచ్చి ఉంది. గాలికి దుమ్ము లేచి పళ్ళకింద కరకరమంటోంది. నాయన బండి ఆపించి దిగాడు. పిడికెడు మట్టి తీసి నాలుకకు తాకించుకుని ఉమ్మేశాడు. "మన చవుడే. మన పాళెం వెనక ఉండే చవుడే ఇది. సముద్రం ఈడికి ఎప్పుడో వచ్చి పోయినట్టుంది." ఎంత చూసినా సముద్రం జాడ ఎక్కడా కనిపించలేదు.

దిబ్బ దగ్గర డేరాలు వేసి ఉన్నాయి. కూలీలు గంపలతో మట్టి మోస్తున్నారు. మా ముగ్గురినీ చూసి కాపలావాడు అడ్డం వచ్చాడు. నేను హిందీలో బతిమాలుతుంటే నాయన వెనకనుంచి తెలుగులో నన్ను తొందరపెడుతున్నాడు. ఆ తెలుగు విని డేరాలోంచి ఒకాయన తల బయట పెట్టాడు. తవ్వకాల్లో ఏదో చిన్న ఉద్యోగం ఆయనది, కొలతలు తీసుకుని బొమ్మలు గీసే పని. సూళ్ళూరుపేట దాటాక అరవదేశంలో ఉండే ఊరట. మా మాట విని ఎన్నాళ్ళయిందో, పరుగున వచ్చి నాయన చేతులు పట్టుకున్నాడు.

"నెల్లూరా? అయ్యో, మా అక్కను నెల్లూర్లోనే ఇచ్చినాం. రండి, రండి. నేనే చూపిస్తాను."

మొదట చూపించింది వీధి. నిజంగా వీధే. మోకాలెత్తు మిగిలిన గోడలు, గుమ్మాలు, పక్కన ఇటుకలు పరిచిన కాలువ. ఒక్కో ఇంట్లో స్నానానికి కట్టుకున్న తిన్నె, అందులోంచి నీళ్ళు పోయే తూము. నాయన ఉత్సాహం చెప్పనక్కరలేదు. కాలువ వెంట వంగి వంగి నడుస్తూ, "మన పంచాయితీ వాళ్ళను తెచ్చి ఈ కాలవలో నిలబెట్టాల," అంటున్నాడు.

అమ్మ దేన్నీ తాకకుండా చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నడిచింది. ఒక ఇంట్లో మాత్రం ఆగింది. మూలన పొయ్యి, దాని పక్కన నూరుడు రాయి ఉన్నాయి. రాయి నడుమ నూరి నూరి గుంటపడి ఉంది. అమ్మ దాని ముందు గొంతుక్కూర్చుని ఆ గుంటలో చెయ్యి పెట్టింది. చాలాసేపు తియ్యలేదు.

"ఏందమ్మా?"

"ఏం లేదు. రోలు వదిలిపెట్టి పోవాలంటే ఎంత తొందరలో పోయినారో," అంది.

తర్వాత రేవు దగ్గరికి తీసుకుపోయాడాయన. రేవంటే నేను కృష్ణపట్నంలాంటిది ఊహించుకున్నాను. అదొక పెద్ద కోనేరులా ఉంది. నాలుగు పక్కలా నిటారుగా ఇటుక గోడలు, అడుగున ఎండి పెచ్చులుగా లేచిన బురద. చుక్క నీరు లేదు. నాయన గోడ పక్కనున్న మట్టిమెట్ల మీదుగా లోపలికి దిగి, నడుమదాకా నడుచుకుంటూ పోయి నిలబడ్డాడు. పైనుంచి చూస్తే ఆయన చిన్నపిల్లవాడంత కనిపించాడు. అక్కడ నిలబడి ఆయన చుట్టూ చూసినప్పుడు, పొద్దుటినుంచి ఉన్న నవ్వు మొహంలో లేదు.

"దీంట్లో పడవలు నిలిచేవా?" అని కిందినుంచే అడిగాడు.

"నిలిచేవని మా పెద్దాయన అంటారు. నది ఆ పక్కనే పారేది. తర్వాత పక్కకు జరిగిపోయింది. మొగ పూడిపోయింది."

"మొగ పూడిపోయిందా?" నాయన ఆ మాట మళ్ళీ అన్నాడు. మా ఊళ్ళో కూడా గడిచిన రెండు ఎండాకాలాలుగా పెన్న మొగకు అడ్డంగా ఇసుక పడుతోంది. పాళెం వాళ్ళు పడవలను ఇసుక మీద ఈడ్చుకుని పోతున్నారు. ఆ సంగతి మా ముగ్గురికీ గుర్తొచ్చింది.

ఆ పైన ఆయన మమ్మల్ని ఒక గోతి దగ్గరికి తీసుకుపోయాడు. నిలువునా కోసిన మట్టి గోడ. అందులో రంగు రంగుల చారలు. వేలు పెట్టి ఒక్కొక్కటే చూపించాడు.

"ఇదో, ఇక్కడ ఇళ్ళు. దాని పైన ఈ సన్నటి నల్ల మట్టి చూడండి, ఇది వెళ్ళం. వరద. వరద పోయినాక మళ్ళీ ఇళ్ళు. మళ్ళీ వెళ్ళం. ప్రతిసారీ పచ్చి ఇటుకలతో నేల ఎత్తు పెంచి, దాని పైన కట్టుకున్నారు. కడాన చూడండి, ఈ పైన. ఇవి ఇళ్ళు కాదు. పాత ఇళ్ళ విరిగిన ఇటుకలు ఏరుకుని వేసుకున్న గుడిసెలు."

"ఎత్తు అంటే ఎంత?"

ఆయన పక్కనే ఉన్న పచ్చి ఇటుకల దిమ్మెను చూపించాడు. పెద్దవాళ్ళ ఇళ్ళు దాని మీద ఉండేవట. మిగతా ఊరు కిందట. నాయన పోయి ఆ దిమ్మెకు వీపు ఆనించి నిలబడి, తలపైన చెయ్యి పెట్టి చూసుకున్నాడు.

"కిందోళ్ళకు ఎత్తు పెంచలేదా?"

"పెంచినారు. ఇంత కాదు."

"నీళ్ళొస్తాయని వాళ్ళకు ముందే తెలుసా?"

"తెలియకుండానా సార్, ఇంత మట్టి మోసినారు?"

తిరిగి వచ్చేటప్పుడు దారిలో తార్పాలిను కప్పిన గుంట ఒకటి ఉంది. అది శ్మశానమని, ఒకే గోతిలో ఇద్దరిని పక్కపక్కన పడుకోబెట్టారని ఆయన చెప్పాడు. చూస్తారా అని అడిగాడు. అమ్మ వద్దని పోయి బండిలో కూర్చుంది. తార్పాలిను అంచు ఎత్తితే నేను చూశాను. ఒకరి మొహం ఒకరి వైపు తిరిగి ఉన్న రెండు పుర్రెలు. నాయన చూడలేదు. ఆయన ఇంకా దిమ్మె వైపే చూస్తున్నాడు.

ద్వారకలో ఉన్నన్ని రోజులూ నాయన గుళ్ళో కంటే ఒడ్డునే ఎక్కువసేపు ఉన్నాడు. అసలు ద్వారక నీళ్ళ కింద ఉందని అక్కడి పూజారి చెప్పిన కథను నేను తెలుగులోకి మార్చి చెప్పాను. చెప్పకుండా ఉంటే బాగుండేదని అమ్మ తర్వాత అంది.

ఊరు చేరాక కోతలు, నూర్పిళ్ళు అయ్యేదాకా ఆయన మామూలుగానే ఉన్నాడు. ఎండలు ముదిరాక ఒకరోజు బండ్లు కట్టించి చెరువు మట్టి తోలించడం మొదలుపెట్టాడు. మా ఇంటి వెనక, పెరడంతా కలిపి, మనిషెత్తుకు పైగా మెరక పోసి, పైన పెద్ద కొట్టం వేస్తానన్నాడు. "ఎందుకు?" అంటే, "సముద్రం ఎప్పుడైనా తిప్పలు దాటి వస్తే ఊరు మొత్తం యాడ నిలబడాల?" అన్నాడు.

ఊళ్ళో నవ్వారు. ద్వారక పోయి కృష్ణుణ్ణి చూడకుండా మట్టిదిబ్బను చూసొచ్చినాడని చెప్పుకున్నారు. నెల్లూరు నుంచి నేను ఊరికి వచ్చిన ప్రతిసారీ దిబ్బ కొంచెం పెరిగి కనిపించేది. అమ్మ పెరట్లో వేసుకున్న కనకాంబరాలు, కరివేపచెట్టు దాని కిందకు పోయాయి. ఆ వేసవిలోనే తాగే నీళ్ళకు తవ్వుకున్న మా దొరువులో నీళ్ళు ఉప్పుగా మారాయి. పాళెం ఆడవాళ్ళు మంచినీళ్ళకు ఊరి పడమటికి పోవడం మొదలుపెట్టారు. మొగకు అడ్డం పడ్డ ఇసుక ఈసారి వానలొచ్చినా కొట్టుకుపోలేదు. వీటన్నిటినీ నాయన తన మాటకు సాక్ష్యాలుగా తీసుకున్నాడు. నవ్వినవాళ్ళు కూడా కొంచెం కొంచెంగా నవ్వడం మానేశారు.

నవ్వకుండా, మెచ్చుకోకుండా మొదటినుంచీ ఒకే మాట అడిగినవాడు చిన్నాయన. ఒక సాయంత్రం ఆయన మా అరుగు మీదికి వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"అన్నా, ఆ వంక పూడ్చేస్తే పడమటి నీళ్ళు యాడికి పోతాయి?"

"తూము పెట్టిస్తుండా గదరా. తాటిమాను తొలిపించి పెడతా."

"తాటిమాను యామూలకు? గట్టిగా వాన పడితే చాలదు. నా ఇల్లు పల్లంలో ఉండాది."

"నీళ్ళొచ్చేది తూర్పునించి. నువ్వు పడమర చూస్తుండావు. నీళ్ళొస్తే నువ్వు నా పక్కనే, ఈ మెరక మీదనే ఉంటావు గదా. నీ ఇంటికి నా ఇంటికి తేడా ఉందా?"

చిన్నాయన అరుగు దిగిపోయాడు. అన్న మాటకు ఎదురు చెప్పడం ఆయనకు ఎప్పుడూ అలవాటు లేదు. కానీ పిన్నమ్మ ఊరుకోలేదు. మర్నాడు పొద్దున వంకలో మట్టి పోస్తున్న కూలీల ముందుకొచ్చి నిలబడి, నాయనను పేరుపెట్టి కాదు గానీ వినిపించేలా అంది: "బావగారికి ఎవరో చచ్చినోళ్ళు చెవిలో చెప్పినారంట. బతికున్నోళ్ళ మాట వినపడదు." నాయనకు కోపం వచ్చింది. ఆయన ఏదో అన్నాడు. ఏమన్నాడో నాకు సరిగా వినపడలేదు. అది విని పిన్నమ్మ, "మీ దిబ్బ మీద నా కాలు పెట్టను. ప్రాణం పోయినా పెట్టను," అని పోయింది. ఆ రోజునుంచి మా రెండిళ్ళ మధ్య మజ్జిగ గిన్నెలు తిరగడం ఆగిపోయింది.

గాలివాన వచ్చింది ఆ ఏడు కాదు, దాని పై ఏడు, కార్తీకమాసంలో. సోమవారం ఉపవాసానికి ఇంటికి రమ్మని అమ్మ కబురు పెడితే నేను శనివారమే వచ్చాను. ఆదివారం పొద్దున్నే ఈశాన్యం నుంచి గాలి మొదలైంది. ఆకాశం కుండ మసిలా ఉంది. కాకులు నేలమీద నడుస్తున్నాయి. సముద్రం రోజూ చేసే చప్పుడు ఆగి, లోపలెక్కడో బరువైనదేదో దొర్లుతున్నట్టు ఒక మూలుగు మొదలైంది. పాళెం పెద్దకాపు తల మీద గోతం వేసుకుని వచ్చి నాయన ముందు నిలబడ్డాడు.

"అయ్యా, తిప్ప తెగేట్టుండాది. పిల్లోళ్ళను తెచ్చుకుంటాం."

"తెచ్చుకోండి. అందర్నీ తెచ్చుకోండి," అన్నాడు నాయన. ఆ క్షణంలో ఆయన మొహం నాకు భయం వేసేంత ప్రశాంతంగా ఉంది. రెండేళ్ళుగా ఎదురుచూసిన చుట్టం గుమ్మంలోకి వచ్చినట్టు ఉంది.

మధ్యాహ్నానికి పాళెం మొత్తం దిబ్బ మీదికి చేరింది. పిల్లలు, ముసలివాళ్ళు, వలలు, మేకలు. కొట్టం కప్పు లేచిపోతే అందరూ ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నారు. చిన్నాయన పొద్దుటినుంచీ ముసలివాళ్ళను వీపున వేసుకుని మోసుకొస్తూనే ఉన్నాడు. మధ్యలో రెండుసార్లు ఇంటికి పోయి పిన్నమ్మను పిలిచి వచ్చాడు.

"రానంటదన్నా. గొడ్లకాడ ఉంటానంటది," అన్నాడు నాయనతో, తల వంచుకుని.

మా కళ్ళముందే తిప్పలు తెగాయి. నల్లటి నీళ్ళు, నురగతో, పాళెం మీదుగా వచ్చాయి. గుడిసెలు కాసేపు తేలి, తర్వాత కనిపించలేదు. నీళ్ళు దిబ్బను తూర్పు పక్కన కొట్టి, సగం ఎత్తు దాకా వచ్చి నిలబడ్డాయి. దిబ్బ కదల్లేదు, నీళ్ళను వెనకనున్న చిన్నాయన ఇంటిదాకా పోనియ్యలేదు. పాళెం ఆడవాళ్ళు నాయన కాళ్ళకు దణ్ణం పెట్టారు. అమ్మ ఏడుస్తోంది. నాయన ఆమెతో, "చూసినావా?" అన్నాడు.

కొంతసేపటికి గాలి తిరిగింది. సముద్రం నీళ్ళు వచ్చినంత వేగంగా వెనక్కి తీశాయి. అందరూ గోవిందా అన్నారు. అప్పుడు మా వెనకనుంచి, పడమటినుంచి, ఇంకో చప్పుడు వినిపించింది. పైన ఎక్కడో కాలువ కట్ట తెగింది. కయ్యల మీదుగా ఎర్రటి నీళ్ళు వచ్చాయి. ఆ నీళ్ళకు సముద్రపు నీళ్ళంత కోపం లేదు. మెల్లగా, వెడల్పుగా, వరిని వంచుకుంటూ వచ్చి మా దిబ్బకు పడమటి వైపు ఆగాయి. తాటిమాను తూము నోట్లో కొట్టుకొచ్చిన వరిగడ్డి, ముళ్ళకంపలు ఇరుక్కున్నాయి. తూర్పు పక్క నేల కనిపిస్తోంది. పడమటి పక్క నీళ్ళు పెరుగుతున్నాయి. చిన్నాయన ఇంటి అరుగు మునిగింది. కిటికీ సగం మునిగింది.

చిన్నాయన పార తీసుకుని దిబ్బ నడుమన, పాత వంక ఉన్న చోట, తవ్వడం మొదలుపెట్టాడు. పాళెం మగవాళ్ళు ఆయన చేతులు పట్టుకున్నారు.

"తెగ్గొడితే దిబ్బంతా పోద్దయ్యా! పిల్లోళ్ళుండారు!"

"నా పెళ్ళాం ఆడుంది! వదలండి!"

నాయన ఎవరివైపూ చూడలేదు. నీళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాడు. ఎంతసేపు నిలబడ్డాడో నాకు తెలియదు. అప్పుడది చాలాసేపు అనిపించింది. తర్వాత ఎప్పుడు తలుచుకున్నా అది ఇంకా ఎక్కువ అనిపించేది. చివరికి ఆయన కొట్టం గుంజకు ఆనించి ఉన్న గడ్డపార తీసుకుని వచ్చి చిన్నాయన పక్కన నిలబడి, తను పోసిన మట్టిని తనే పొడవడం మొదలుపెట్టాడు. వాళ్ళను ఆపుతున్న చేతులు దిగిపోయాయి. పాళెం వాళ్ళు పిల్లలను ఉత్తరపు కొసకు జరిపి, వాళ్ళూ పారలు అందుకున్నారు.

గండి పడగానే నీళ్ళు అరుస్తూ దూకాయి. దిబ్బ ఒక మూల పెళ్ళలుగా జారింది. ఎవరూ పడలేదు. పడమటి నీళ్ళు దిగడం మొదలైంది. చిన్నాయన ఇంటి కిటికీ బయటపడింది, తర్వాత అరుగు అంచు కనిపించింది. "దిగుతుండాయి, దిగుతుండాయి," అని నేను గట్టిగా అరిచాను. అప్పుడే నానిన మట్టిగోడ, నీళ్ళు దిగుతూ ఉండగా, లోపలికి పడింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు.

పిన్నమ్మను గొడ్ల చావిడి పక్కన, ఆ గోడ కిందనుంచి తీశారు. ఆమె చేతిలో దూడ పలుపు ఉంది. దూడ బతికింది.

ఊళ్ళో ఎవరూ నాయనను తప్పుపట్టలేదు. పాళెంలో ఒక్క ప్రాణం పోలేదు. తహసీల్దారు వచ్చి దిబ్బ ఎక్కి చూసి, ఇలాంటివి ప్రతి ఊళ్ళో ఉండాలన్నాడు. ఆ మాటకు నాయన లోపలికి వెళ్ళిపోయాడు. పిన్నమ్మ కర్మంతరాలయ్యాక, చిన్నాయన మిగిలిన గొడ్లను తోలుకుని కోవూరు దగ్గర కూతురింటికి పోయాడు. పోతూ మా ఇంటి ముందు ఆగాడు. అమ్మ చేతికి దూడ పలుపు ఇచ్చి, "ఒదినా, ఇది నడవలేదు, నీ కాడ ఉండనీ," అన్నాడు. నాయన అరుగు మీదే ఉన్నాడు. చిన్నాయన అటు చూడకుండా గొడ్లను తోలుకుని కదిలాడు.

ఏడాది తిరిగాక నాయన కోవూరు పోదామన్నాడు. నేను తోడు వెళ్ళాను. పెన్న వంతెన మీద బస్సు పోతున్నప్పుడు ఆయన కళ్ళు మూసుకున్నాడు. చిన్నాయన మమ్మల్ని చూసి లేచి మంచం వాల్చాడు, నీళ్ళు తెచ్చాడు, విత్తనాల సంగతి, నా బడి సంగతి అడిగాడు. భోజనం పెట్టించాడు. నాయన సగం అన్నం తిని చెయ్యి కంచంలోనే ఉంచి, "తమ్ముడా, నేను," అన్నాడు.

"అన్నా, తిను," అన్నాడు చిన్నాయన. "తినేటప్పుడు వద్దు."

తిన్నాక కూడా ఆ మాట రాలేదు. బస్సు దాకా వచ్చి మమ్మల్ని ఎక్కించి, బస్సు కదిలేదాకా చిన్నాయన అక్కడే నిలబడ్డాడు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ మళ్ళీ కలుసుకోలేదు. రెండేళ్ళకు చిన్నాయన పోయాడు. కబురు మాకు ఆలస్యంగా అందింది.

దిబ్బలో పడిన గండిని నాయన అలాగే వదిలేశాడు. అరవైల నడుమ పాళెం వాళ్ళు వచ్చి, గండి ఉంటే దిబ్బ ఏడాదికేడాది కరిగిపోతోందని, పూడ్చనియ్యమని అడిగారు. రెండుసార్లు నాయన వాళ్ళను ఊరికే పంపేశాడు. మూడోసారి వచ్చినప్పుడు, రాతితో పెద్ద తూము కడితేనే పూడ్చమన్నాడు. పంచాయితీ వాళ్ళు కట్టారు. అనుకున్నంత పెద్దది కట్టలేదు. అప్పటినుంచి ప్రతి కార్తీకం ముందు ఆయన ఒక్కడే కర్ర పట్టుకుని పోయి, తూములో ఇరుక్కున్న గడ్డి, కంపలు లాగేవాడు. మనిషిని పెట్టుకోమంటే వినేవాడు కాదు. ఒక ఏడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఎడంచేత్తో లాగబోయి అక్కడే కూలబడ్డాడు. ఆ చలికాలం దాటలేదు.

ఆయన పోయాక అమ్మను నెల్లూరు తీసుకుపోదామని వచ్చాను. సామాను సర్దుతూ ఒక సాయంత్రం పెరటివైపు పోతే, చిన్నాయన ఇల్లు ఉన్న చోట కొత్త గుడిసె కనిపించింది. దక్షిణాన ఏదో ఊరినుంచి సరుగుడు తోటల్లో పనికి వచ్చిన కుటుంబమట. చంటిబిడ్డను చంకన పెట్టుకున్న మనిషి ఒకామె గుడిసె గోడ అలుకుతోంది. పాత ఇంటి పునాది రాళ్ళనే పొయ్యికి వాడుకుంది.

"ఈ తావు ఎవరిచ్చినారు?" అన్నాను.

"ఎవురూ ఇయ్యలేదక్కా. కాలీగా ఉండింది. నేల మెత్తంగా ఉంది, సొరపాదు బాగొస్తాది."

వానలకు ఇక్కడ నీళ్ళు నిలుస్తాయని, ఒకప్పుడు ఈ చోట ఒక మనిషి పోయిందని చెప్పాను. ఆమె అలకడం ఆపి, బిడ్డను ఈ చంకనుంచి ఆ చంకకు మార్చుకుని, దిబ్బను చూసింది.

"అంత మెరకుంది గదక్కా. నీళ్ళొస్తే దాని మీదికి పోతాం," అంది.

తూము దగ్గరికి పోయి చూశాను. నాయన పోయాక ఎవరూ ముట్టుకోలేదు. నోరు నిండా కంప పేరుకుని, దాని మీద గడ్డి కూడా మొలిచింది. కొంగు దోపుకుని చేతికందినంత లాగాను. లోపలిది రాలేదు. పాళెం వాళ్ళకు చెప్పి, ఆ గుడిసెలో మగమనిషికి కూడా చెప్పి, మర్నాడు అమ్మను తీసుకుని బస్సెక్కాను. ఈశాన్యంలో మబ్బు పడుతోంది.